పాత పత్రికల బొమ్మల అట్టలు: వెతకడం, దాచడం, గోడకు తగిలించడం ఎలా

"పాత పత్రిక ఒకటి దొరికింది, అట్ట మీద బొమ్మ అద్భుతంగా ఉంది, చింపి ఫ్రేమ్ కట్టించుకోవచ్చా?" నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. దీని తర్వాత ప్రశ్న, "కట్టించాను, రెండేళ్లలో రంగు పోయింది, ఏం చేయాలి?" మొదటిదానికి జవాబు సరిగ్గా తెలిస్తే రెండోదాకా రాదు. అందుకే అంతా ఒకచోట రాస్తున్నా.

ముందుగా నా ఘనకార్యం చెప్తాను. నేను కొన్న మొట్టమొదటి పాత అట్టని సంచిక నుంచి చింపి, అంచులు కత్తెరతో "నీట్‌గా" కత్తిరించి, తెల్ల జిగురుతో అట్టముక్క మీద అతికించి, కిటికీ ఎదురుగా తగిలించాను. ఒక్క దెబ్బతో నాలుగు తప్పులు. ఎరుపు ముందు పోయింది, తర్వాత పసుపు, చివరికి మిగిలింది నీలం, నలుపు. ఎండలో ఏళ్ల తరబడి ఉన్న సినిమా పోస్టర్ నీలంగా పాలిపోయి కనిపిస్తుంది చూడండి, అచ్చం అలాగే. అప్పటినుంచి ఒకటే పెట్టుకున్నా: రేపు మనసు మారితే వెనక్కి తీసుకోలేని పని ఏదీ కాగితం మీద చేయను. కింద చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

కావలసినవి

- పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం. దీని మీద మాత్రం పొదుపు చేయకండి.
- చిన్న అతినీలలోహిత టార్చి, అదే యూవీ టార్చి. నోట్లు చెక్ చేసే రకం చాలు.
- మెత్తటి వెడల్పు బ్రష్. ఇంతకుముందు పెయింట్‌కి వాడినది కాకూడదు.
- పాలిస్టర్ లేదా పాలీప్రొపిలీన్ కవర్లు, ఆమ్లం లేని అట్టముక్కలు, ఆమ్లం లేని పెట్టె.
- గాలిలో తేమ చూపించే చిన్న మీటర్.
- మెత్తటి పెన్సిల్, ఒక నోట్‌బుక్.
- స్కానర్, లేదంటే మంచి కెమెరా ఉన్న ఫోన్.
- ఫ్రేమ్ కట్టేటప్పుడు: కిటికీలా మధ్యలో కోసిన ఆమ్లం లేని మౌంట్ బోర్డు, మూలల్లో పట్టి ఉంచే ఫోటో కార్నర్లు, యూవీని ఆపే గాజు లేదా యాక్రిలిక్ షీట్.

తెల్ల గ్లౌజులు లిస్టులో లేవేమిటని అడుగుతారు. అక్కర్లేదు. బట్ట గ్లౌజులతో కాగితం స్పర్శ తెలియదు, పెళుసు అంచు పట్టుకుని చిరుగుతుంది. సబ్బుతో చేతులు కడుక్కుని, పూర్తిగా ఆరబెట్టుకుని పట్టుకోండి. క్రీములు, శానిటైజర్ రాసుకున్న చేతులు మాత్రం వద్దు.

1. ముందు హద్దు గీసుకోండి

"పాతవన్నీ" అని మొదలుపెడితే ఆరు నెలల్లో ఇల్లు నిండుతుంది, జేబు ఖాళీ అవుతుంది, చూపించుకోవడానికి ఒక్క మంచి వరస కూడా ఉండదు. ఒక చిత్రకారుడు, ఒక పత్రిక, ఒక దశాబ్దం, లేదా ఒక విషయం (వర్షం, రైళ్లు, చదువుకుంటున్న మనుషులు, ఏదైనా) పట్టుకోండి. బొమ్మల అట్టల కాలం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కాస్త తెలిసి ఉండటం మంచిది. వోగ్ అనే ఫ్యాషన్ పత్రిక 1932 జూలైలో ఎడ్వర్డ్ స్టైకెన్ తీసిన రంగుల ఫోటోని మొదటిసారి అట్ట మీద వేసింది. ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాల్లో చాలా పత్రికల్లో బొమ్మ స్థానంలోకి ఫోటో వచ్చేసింది. కాబట్టి గీసిన బొమ్మలే కావాలనుకుంటే పత్రికని బట్టి ఎక్కడో ఒకచోట గీత గీయాలి.

నేనైతే చిత్రకారుడిని పట్టుకోమంటాను. సంతకం గుర్తుపట్టడం అలవాటైతే సగం పని అయిపోయినట్టే. చందమామ అట్టల మూలన "వ.పా" అని కనిపిస్తే అది వడ్డాది పాపయ్య గీసిందని తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు కదా, అలాగే ప్రతి పత్రికకీ అలాంటి సంతకాలు ఉంటాయి. ఒక పదిహేను ఇరవై చూశాక, సంతకం చదవకముందే గీత చూసి ఎవరిదో చెప్పేస్తారు.

2. కొనేముందు అసలా, నకలా చూడండి

ఈ మెట్టు దగ్గరే ఎక్కువమంది మోసపోతారు, మోసం చేసేవాడికి కూడా ఒక్కోసారి తను అమ్మేది నకలని తెలియదు. కాబట్టి తొందరపడకండి.

మొదట వెనక్కి తిప్పండి. పత్రిక అట్ట వెనక ఖాళీగా ఉండటం చాలా అరుదు. ప్రకటనో, విషయసూచికో, ఇంకేదో అచ్చయి ఉంటుంది. వెనక తెల్లగా ఉందంటే అది విడిగా వేసిన ప్రింట్ అయ్యే అవకాశమే ఎక్కువ.

తర్వాత భూతద్దం పట్టుకుని బొమ్మని కాదు, పత్రిక పేరు అక్షరాలని చూడండి. అసలు ప్రతిలో సాధారణంగా పేరుని ఒకే రంగు సిరాతో నిండుగా అచ్చు వేస్తారు, అక్షరం అంచు పదునుగా ఉంటుంది. అదే స్కాన్ చేసి మళ్లీ అచ్చేసిన నకలులో బొమ్మతోపాటు అక్షరాలు కూడా రంగు చుక్కలుగా విడిపోతాయి. నల్ల అక్షరం లోపల నీలం, ఎరుపు, పసుపు చుక్కలు కనిపిస్తే అనుమానించండి. ఇంక్‌జెట్‌లో తీసింది అయితే చుక్కలు ఒక వరస లేకుండా చల్లినట్టు ఉంటాయి. పాత ఆఫ్‌సెట్ అచ్చులో (ప్రెస్‌లో రంగుకో ప్లేటు పెట్టి వేసేది) మాత్రం అవి చిన్న పువ్వుల్లా ఒక క్రమంలో కూర్చుంటాయి. చుక్కల మీద చుక్కలు పడి అలల్లాంటి గీతలు వచ్చాయంటే అచ్చుకి మళ్లీ అచ్చు తీశారన్నమాట.

మూడోది యూవీ టార్చి. గది చీకటి చేసి కాగితం మీద వేయండి. కాగితాన్ని మరింత తెల్లగా చూపించే రసాయనాలు విరివిగా వాడకంలోకి వచ్చింది 1950 ప్రాంతం నుంచి. 1920ల సంచిక అని అమ్ముతున్న కాగితం టార్చి వెలుగులో నీలి తెలుపుగా ధగధగ మెరిస్తే నమ్మకండి. కానీ మెరవలేదు కాబట్టి అసలే అనుకోవద్దు, ఈ పరీక్ష ఒకవైపే పనిచేస్తుంది. బట్టల సబ్బు అవశేషం అంటినా మెరుస్తుంది, అందుకే ఒకే మచ్చ మెరుస్తుందా, మొత్తం మెరుస్తుందా చూడండి.

చివరిది, పత్రిక చరిత్ర. అమెరికన్ చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్ అక్కడి ద సాటర్‌డే ఈవినింగ్ పోస్ట్ అనే పత్రికకి 1916 నుంచి 1963 దాకా 300కు పైగా అట్టలు వేశాడు. కానీ ఆయన పూర్తి రంగుల అట్ట మొదట వచ్చింది 1926 ఫిబ్రవరిలో. అంతకుముందు ఆయన ఆ పత్రికకి వేసినవి నలుపు, ఎరుపులతో నడిచాయి. ఎవరైనా 1918 నాటి రాక్‌వెల్ పోస్ట్ అట్ట అంటూ నీలాకాశం, పచ్చగడ్డితో చూపిస్తే ఆగండి. ఇంకో ఉదాహరణ ద న్యూయార్కర్ అనే అమెరికన్ పత్రిక. తొలి సంచిక 1925 ఫిబ్రవరి 21న రియా ఇర్విన్ బొమ్మతో వచ్చింది, టోపీ పెట్టుకుని ఒంటికంటి అద్దంలోంచి సీతాకోకచిలుకని చూస్తున్న పెద్దమనిషి. అదే బొమ్మని ఆ పత్రిక దశాబ్దాలపాటు ఫిబ్రవరి వార్షికోత్సవ సంచికల మీద మళ్లీ మళ్లీ వేసింది. బొమ్మ చూసి "మొదటి సంచిక!" అని ఎగిరి గంతేయకుండా తేదీ, ధర, లోపలి పేజీలు చూడాలి.

ఆన్‌లైన్‌లో కొంటుంటే అమ్మేవాళ్లని ఇవి అడగండి: నాలుగు మూలల ఫోటోలు, వెన్ను, వెనక అట్ట, లోపలి మొదటి పేజీ, పక్కనుంచి వెలుగు పడేలా తీసిన ఒక ఫోటో (మడతలు, ఉబ్బులు దాచలేరు), సెంటీమీటర్లలో కొలత. కొలత ఎందుకంటే, లైబ్రరీలు సంచికల్ని కలిపి బైండు చేసేటప్పుడు అంచులు కోసేస్తాయి, పక్కన పోల్చడానికి ఇంకోటి లేకపోతే ఆ సంగతి కంటికి తెలియదు. "పూర్తి సంచికా, అట్ట మాత్రమేనా?" అని అక్షరాలా రాసి అడగండి. చందాదారుడి చిరునామా చీటీ అతికించి ఉంటే ధర తగ్గుతుంది. నాకైతే ఆ చీటీ ఉన్నా పర్వాలేదు, అదీ ఆ సంచిక కథలో భాగమే. కానీ బొమ్మలో ముఖం మీద పడితే మాత్రం కొనను.

బూజు వాసన వస్తే చౌకైనా వదిలేయండి. ఒక్కదాని కోసం మిగతావన్నీ పణం పెట్టక్కర్లేదు.

3. ఇంటికి తెచ్చాక, వెంటనే మిగతావాటితో కలపొద్దు

కొత్తగా వచ్చిన ప్రతిదాన్నీ విడిగా జిప్ సంచిలో మూడు వారాలు ఉంచండి. సంచి అడుగున తెల్ల కాగితం వేయండి. పొడి రాలిందా, చిన్న పురుగులు తిరుగుతున్నాయా దాని మీద తేలిగ్గా తెలుస్తుంది. సిల్వర్‌ఫిష్ అనే వెండిరంగు పురుగు కాగితాన్ని పైపైన గీకినట్టు తింటుంది, రంగు పొర పోయి తెల్లటి మచ్చలు పడతాయి. గుండ్రటి సన్నటి రంధ్రాలు ఉంటే లోపల తొలిచే పురుగు.

పురుగు కనిపిస్తే మందు కొట్టకండి. కలరా ఉండలు కూడా వద్దు, ఆ వాసన కాగితానికి పట్టి ఏళ్లు పోదు, కొన్ని ప్లాస్టిక్ కవర్లని అది మెత్తబరుస్తుంది, పీల్చిన మనకీ మంచిది కాదు. సంచికని రెండు సంచుల్లో గాలి తీసేసి గట్టిగా మూసి, మైనస్ 18 డిగ్రీలు లేదా అంతకంటే చల్లగా ఉండే ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. ఇక్కడ అందరూ చేసే తప్పు, బయటికి తీయగానే ఆత్రంగా సంచి విప్పడం. చల్లటి కాగితం మీద నీటి బిందువులు పడతాయి, ఉన్న బొమ్మ పోతుంది. తీశాక ఒక రోజంతా మూసిన సంచిలోనే ఉంచి, గది వేడికి వచ్చాకే తెరవండి.

4. శుభ్రం చేయడం, వీలైనంత తక్కువ

పొడి బ్రష్‌తో మధ్యనుంచి అంచుల వైపు, ఒకే దిశలో. అంచు నుంచి లోపలికి తోస్తే చిన్న చిరుగు పెద్దదవుతుంది. దీంతో పోని మట్టి ఉంటే మెత్తటి తెల్ల వినైల్ రబ్బరుని తురిమి ఆ పొడిని చల్లి, వేలితో నెమ్మదిగా తిప్పి, బ్రష్‌తో దులిపేయండి. మొదట వెనక అట్ట మీద ఒక మూలన చేసి చూడండి. పొడికి రంగు అంటితే అక్కడితో ఆపేయండి.

నీళ్లు, తడి గుడ్డ, థిన్నర్, పెట్రోల్, శానిటైజర్, ఏదీ వద్దు. "ఒక్క చుక్కేగా" అనేవాళ్లకి: మెరిసే కాగితం మీద నీటి చుక్క పడితే పైన ఉన్న పూత కరిగి, ఆరాక పక్క పేజీకి అతుక్కుపోతుంది. విడదీయబోతే బొమ్మ ఊడి వస్తుంది.

పాత టేపు, స్టిక్కర్లు ఉంటే? వదిలేయండి. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో వేడి చేసి లాగొచ్చని వీడియోల్లో చూపిస్తారు, కొన్నిసార్లు వస్తుంది కూడా, కానీ రానప్పుడు జిగురు కరిగి కాగితంలోకి ఇంకి నూనె మరకలా మిగిలిపోతుంది. విలువైన సంచిక అయితే కాగితాలు బాగుచేసే నిపుణులకి ఇవ్వండి, మామూలుదైతే టేపుతోనే బతకండి.

తుప్పు పట్టిన పిన్నులు మాత్రం తీయాల్సిందే. తుప్పు కాగితాన్ని తినేస్తుంది, పైగా ఒకదాని నుంచి ఇంకోదానికి మరక అంటుతుంది. సంచికని మధ్య పేజీకి తెరిచి, పిన్ను కాళ్ల కింద పలుచటి ప్లాస్టిక్ ముక్క పెట్టి, మొండి చాకుతో కాళ్లు నిలువుగా లేపి, బయటి వైపు నుంచి మెల్లగా లాగండి. అటూ ఇటూ ఊపకండి, రంధ్రం చిరుగుతుంది. మళ్లీ కట్టాలనుకుంటే అవే రంధ్రాల్లోంచి నూలు దారం వేసి వదులుగా ముడి వేస్తే చాలు. కొత్త స్టేప్లర్ పిన్ను కొట్టొద్దు.

5. మడతలు, వంపులు

చుట్టి ఉంచిన సంచికని బలవంతంగా విప్పకండి. రెండు మూడు రోజులు గదిలో అలా వదిలేస్తే కాస్త వదులవుతుంది. తర్వాత రెండు తెల్లటి అద్దుడు కాగితాల మధ్య పెట్టి, పైన చదునైన చెక్కపలక, దాని మీద లావు పుస్తకాలు. రెండు వారాలు మర్చిపోండి. ఇస్త్రీ పెట్టె జోలికి పోవద్దు, దయచేసి. ఆవిరి పట్టి ఇస్త్రీ చేసి సిరా మొత్తం గుడ్డకి అంటించుకున్నవాళ్లని నేను ఎరుగుదును.

రంగు పగిలి తెల్ల గీత కనిపించే మడత ఎంత బరువు పెట్టినా పోదు. స్కెచ్ పెన్నుతో ఆ గీతని నింపాలని చేయి లాగుతుంది. వద్దు. భూతద్దం ఉన్న ప్రతివాడికీ దొరికిపోతుంది, విలువ సగానికి పడిపోతుంది.

6. చిరుగులు

అర సెంటీమీటరు లోపు చిరుగుని ఏమీ చేయకండి, కవర్‌లో పెడితే అదే పెరగకుండా ఆగుతుంది. పెద్దవైతే, వెనకవైపు నుంచి, పలుచటి జపనీస్ కాగితం సన్నటి పట్టీ, గోధుమ స్టార్చ్ పేస్ట్ లేదా మిథైల్ సెల్యులోజ్ అనే పొడిని నీళ్లలో కలిపి చేసే జిగురు. ఇంట్లో ఉడికించే మైదా జిగురు ఇది కాదు, దాంట్లో స్టార్చ్‌తోపాటు మాంసకృత్తులూ ఉంటాయి, పురుగులకి విందు. పట్టీని కత్తెరతో కోయకుండా తడి గీత గీసి చేత్తో చింపండి, పీచులాంటి అంచు బాగా పట్టుకుంటుంది. పేస్ట్ అద్దినట్టు ఉండాలి, తడిపినట్టు కాదు. పైన అంటుకోని కాగితం, అద్దుడు కాగితం, బరువు, రాత్రంతా.

ముందు పనికిరాని పాత కాగితాల మీద ఒక పదిసార్లు చేసి చూడండి. పదోది ఆరాక వంకర తిరగకుండా చదునుగా ఉంటే మీ చేయి కుదిరినట్టు. మెరిసే కాగితం మీద నేను ఈ పని చేయను, చేయమని చెప్పను కూడా.

సెల్లో టేప్ గురించి వేరే చెప్పాలా? దానికి బదులు చిరుగే నయం.

7. కవర్, పెట్టె, చోటు

పాత పత్రికల కాగితం చాలావరకు చెక్క గుజ్జుతో చేసింది. అందులోని లిగ్నిన్ (చెక్కలో సహజంగా ఉండే పదార్థం), ఆమ్లం వల్ల అది తనంతట తనే పసుపెక్కి పెళుసవుతుంది. మనం దాన్ని ఆపలేం, నెమ్మది చేయగలం అంతే.

కవర్ కొనేటప్పుడు పాలిస్టరా, పాలీప్రొపిలీనా అడగండి. కొత్త షవర్ కర్టెన్‌లా ఘాటు వాసన వస్తూ, పట్టుకుంటే జిడ్డుగా సాగే ప్లాస్టిక్ పీవీసీ కావచ్చు, అది కొన్నేళ్లకి సిరాని లాక్కుంటుంది. సంచిక వెనక ఆమ్లం లేని అట్టముక్క పెట్టండి. చొక్కాల ప్యాకింగ్‌లో వచ్చే బూడిదరంగు అట్ట పనికిరాదు. దాంతో చాలామంది డబ్బు ఆదా చేస్తారు, నాలుగేళ్లకి సంచిక వెనకంతా గోధుమరంగు నీడ పడుతుంది. కవర్‌ని టేపుతో మూయాల్సి వస్తే టేపు వెనకవైపు వేయండి. లేదంటే ఏదో ఒకరోజు సంచిక బయటికి తీస్తుంటే ఆ టేపు అట్టని పట్టుకుంటుంది.

పెట్టెలో పడుకోబెట్టి ఉంచండి, ఒకదాని మీద ఒకటి పదిహేనుకి మించకుండా. వార్తాపత్రిక కత్తిరింపులు, రబ్బరు బ్యాండ్లు, పేపర్ క్లిప్పులు అదే పెట్టెలో వేయొద్దు. చోటు విషయానికొస్తే అటక, వంటగది, బాత్‌రూమ్‌కి ఆనుకున్న గోడ, నేల, ఈ నాలుగూ కాకుండా ఏదైనా. తేమ మీటర్ 30 నుంచి 50 శాతం మధ్య చూపిస్తే హాయి. 65 దాటి రోజుల తరబడి ఉంటే బూజుకి ఆహ్వానం పంపినట్టే. అంకె కంటే ఊగిసలాట ప్రమాదం: పగలు 35, రాత్రి 60 అయ్యే గది కన్నా ఎప్పుడూ 52 ఉండే గది మేలు. సిలికా జెల్ సంచులు వేస్తే, అవి నిండాక మార్చాలని గుర్తుంచుకోండి. వేసి మర్చిపోయిన జెల్ వల్ల ఏ లాభమూ లేదు.

8. స్కాన్ చేయండి, గోడకు తగిలించకముందే

ఇది చాలామంది దాటేస్తారు. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), నాణ్యత తగ్గకుండా దాచే టిఫ్ ఫైల్‌గా, స్కానర్ చేసే "రంగు మెరుగు" సెట్టింగులన్నీ ఆపేసి తీయండి. అట్ట వెనక నల్ల కాగితం పెడితే వెనక అచ్చు ముందుకి కనపడదు. పక్కన ఒక స్కేల్, రంగుల పట్టీ పెట్టి ఇంకోసారి తీయండి, తర్వాత రంగు పోయిందా లేదా చూడటానికి అదే సాక్ష్యం. ప్రింట్ తీసేటప్పుడు చుక్కలు అలల్లా కనిపిస్తే స్కానర్‌లో డీస్క్రీన్ అనే సెట్టింగు ఉంటుంది, అది ఆన్ చేసి వేరే కాపీ చేసుకోండి, అసలు ఫైల్ మాత్రం ముట్టుకోవద్దు.

లావు సంచికని స్కానర్ మీద బోర్లించి మూత నొక్కకండి, వెన్ను పగులుతుంది. దానికి బదులు ఫోన్. సంచిక బల్ల మీద పెట్టి, ఫోన్ సరిగ్గా పైన సమాంతరంగా, రెండు పక్కల నుంచి 45 డిగ్రీల కోణంలో ఒకే రకం దీపాలు. ఫ్లాష్ వద్దు. ఫోటోలో నాలుగు మూలలూ లంబకోణంలో వచ్చాయా, మధ్యలో తెల్లటి మెరుపు పడిందా చూసుకోండి.

9. గోడకు: అసలా, కాపీయా?

నా ఓటు కాపీకే. మంచి మందపాటి కాగితం మీద స్కాన్‌ని అసలు సైజులో ప్రింట్ తీసి ఫ్రేమ్ కట్టండి, అసలుని పెట్టెలో పెట్టండి. నాలుగడుగుల దూరం నుంచి ఎవరూ తేడా చెప్పలేరు, ఎండపడినా మీ గుండె ఆగదు. మీ గోడకి ఒక కాపీ తీసుకోవడం వేరు, ప్రింట్లు తీసి అమ్మడం వేరు. చిత్రకారుడు పోయాక కూడా బొమ్మ మీద హక్కులు దశాబ్దాల పాటు ఉంటాయి, దేశాన్ని బట్టి లెక్క మారుతుంది.

లేదు, అసలే కావాలంటారా, సరే. ఇలా చేయండి.

ముందు కొలతలు. అట్ట 21 × 28 సెం.మీ. అనుకుందాం. మౌంట్ బోర్డు కిటికీని 22 × 29 కోయించండి, చుట్టూ అర సెంటీమీటరు వదిలి అట్ట అంచులు కూడా కనిపిస్తాయి. అంచుల్ని దాచేలా చిన్నగా కోయించొచ్చు, కానీ పాత కాగితం అందం సగం ఆ అరిగిన అంచుల్లోనే ఉంటుంది. పైన, పక్కల 6 సెం.మీ., కింద 7 వదిలితే ఫ్రేమ్ లోపలి కొలత 34 × 42. కింద ఒక్క సెంటీమీటరు ఎక్కువ లేకపోతే బొమ్మ జారిపోతున్నట్టు కనిపిస్తుంది, ఎందుకో తెలియదు గానీ నిజం.

అట్టని కిటికీ వెనక ఉండే ఆమ్లం లేని బోర్డుకి నాలుగు ఫోటో కార్నర్లతో పట్టి ఉంచండి. కార్నర్లలో కాగితం కాస్త కదిలేంత వదులు ఉండాలి, బిగిస్తే తేమకి ఉబ్బినప్పుడు అలలు తేలుతుంది. పూర్తి సంచికని పెట్టాలంటే లోతైన పెట్టె ఫ్రేమ్ తీసుకుని, కింద చిన్న అంచు, రెండు పక్కల పారదర్శక పాలిస్టర్ పట్టీలు పెట్టి, బరువు ఆ అంచు మీద కూర్చునేలా చేయండి. సంచిక మొత్తంగా ఉండిపోతుంది, చింపాల్సిన పనే లేదు. మొదటి ప్రశ్నకి అసలైన జవాబు ఇదే.

గాజు అట్టకి తగలకూడదు. మౌంట్ బోర్డు మందమో, సన్నటి స్పేసరో మధ్యలో ఉండాలి. తగిలితే తేమకి సిరా గాజుకి అతుక్కుంటుంది, అప్పుడు ఫ్రేమ్ విప్పలేరు. యూవీ ఆపే గాజు పెట్టాం కదా అని ఎండలో తగిలించొద్దు, అది ఆపేది ఒక భాగాన్నే, మామూలు వెలుగు కూడా రంగు తింటుంది. మ్యూజియాలు ఇలాంటి కాగితాలకి 50 లక్స్ (వెలుగుని కొలిచే ప్రమాణం) వెలుగే వాడతాయి. ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్‌తో ఉజ్జాయింపుగా చూడండి, కిటికీ దగ్గర అంకె చూసి మీరే వెనక్కి జరుగుతారు. మూడు నెలలకోసారి బొమ్మ మార్చి, తీసినదాన్ని చీకట్లో పెట్టండి.

ఫ్రేమ్ షాపులో ఇచ్చేటప్పుడు మూడు మాటలు కాగితం మీద రాసి ఇవ్వండి: అతికించొద్దు, కోయొద్దు, లామినేషన్ వద్దు. నోటిమాట సరిపోదు. ఒక షాపులో నేను నోటితో చెప్పి వచ్చాను, తిరిగి వెళ్లేసరికి ఫ్రేమ్‌లో పట్టలేదని పై అంచు కోసేశారు, తేదీ ఉన్న గీతతో సహా. "నీట్‌గా వచ్చింది సార్" అన్నాడు. ఏం అంటాం?

గోడ మీద ఒకటి కంటే ఎక్కువ పెడుతుంటే, ఫ్రేమ్‌ల సైజులో వార్తాపత్రికలు కత్తిరించి ముందు నేల మీద, తర్వాత గోడ మీద పేర్చి చూడండి. మధ్య బొమ్మ నడుమ నేలనుంచి 145–150 సెం.మీ. ఎత్తులో, ఫ్రేమ్‌ల మధ్య 5 సెం.మీ. ప్రతి ఫ్రేమ్‌కీ రెండు హుక్కులు, అప్పుడు వంకర తిరగదు. వెనక రెండు కింది మూలల్లో చిన్న రబ్బరు బిళ్లలు అతికిస్తే గోడకీ ఫ్రేమ్‌కీ మధ్య గాలి ఆడుతుంది. తడి ఊరే గోడ మీద ఇవేవీ పనిచేయవు, వేరే గోడ చూసుకోండి.

10. నోట్‌బుక్

వరస నంబరు, పత్రిక, సంచిక తేదీ, చిత్రకారుడు, ఎక్కడ కొన్నారు, ఎంతకి, ఏ లోపాలున్నాయి. అంతే. నంబరుని అట్టముక్క మీద పెన్సిల్‌తో రాయండి, సంచిక మీద కాదు. యాభై దాటాక, ఇది లేకపోతే ఉన్నదే మళ్లీ కొంటారు. నేను మూడుసార్లు కొన్నాను.

సరిగ్గా చేశామో లేదో ఎలా తెలుస్తుంది?

నెల తర్వాత ఫ్రేమ్‌ని పక్కనుంచి టార్చి వేసి చూడండి. అట్ట అలలు తేలితే కార్నర్లు బిగుసుకున్నాయి, లేదా గోడలో తేమ ఉంది. గాజు లోపల మసక ఉంటే వెంటనే విప్పండి. మూడు నెలలకి పెట్టె తెరిచి ముందు వాసన చూడండి, పుల్లటి వాసన ఉంటే ఏదో అట్టముక్కలో ఆమ్లం ఉంది. కవర్‌ని వేళ్ల మధ్య రుద్దండి, జిడ్డు తగిలితే మార్చేయండి. అడుగున పొడి ఉంటే మూడో మెట్టుకి వెళ్లాలి.

రంగు పోతుందా అనే దానికి ఇంట్లోనే చిన్న పరీక్ష ఉంది. కొత్త రంగుల పత్రిక ముక్క ఒకటి తీసుకుని సగం అల్యూమినియం రేకుతో కప్పి, ఫ్రేమ్ పెట్టాలనుకున్న చోటే రెండు నెలలు అంటించండి. రేకు తీశాక మధ్యలో గీత కనిపిస్తే ఆ చోటు పనికిరాదు. ఎరుపు, గులాబీ ఉన్న ముక్క తీసుకోండి, ముందు పోయేవి అవే.

ఇంక మిగిలినవాళ్లు, ఇప్పటికే చింపేసినవాళ్లు, అతికించేసినవాళ్లు, లామినేట్ చేయించినవాళ్లు. చింపింది అయితే అట్టని, మిగిలిన సంచికని ఒకే కవర్‌లో పెట్టండి, విడిపోయినా రెండూ కలిపి ఉంటేనే ఏ సంచికదో రుజువు ఉంటుంది. మౌంట్ బోర్డుకి అతికించి ఉంటే లాగకండి, బోర్డుతో సహా పెట్టెలో పెట్టి స్కాన్ ఉంచుకోండి. లామినేషన్ వేడితో కాగితంలోకి కరిగిపోయి ఉంటుంది, దాన్ని విడదీయడానికి ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు. దాన్నే గోడకు పెట్టుకుని, అదే సంచిక ఇంకో ప్రతి కోసం వెతకడం మొదలుపెట్టండి.